నేను ఔటైన కుర్చీలాట

ఆ రోజుల్లో నన్ను చూడగానే జనానికి కూర్చుని చేసే పనులన్నీ గుర్తొచ్చేవి. భిలాయి సెక్టర్ 7లో మా తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాలకు వెళ్తే చెప్పుల కాపలా నాది, పసిపిల్లల కాపలా నాది, కుర్చీలాటలో ఫోన్ పట్టుకుని పాట ఆపే ఉద్యోగమూ నాదే. (నాది చక్రాల కుర్చీ. ఆ మైదానంలో కుర్చీ గురించి నాకంటే తెలిసినవాళ్ళు లేరు, అయినా ఆటకు మాత్రం పిలవరు!) పన్నెండో తరగతి చదివే ఏడు నాకు తిక్క రేగింది. ఫోన్ తీసుకెళ్ళి మా తెలుగు సంఘం సెక్రటరీ ఆంటీ చేతిలో పెట్టి, "ఈసారి నేనూ ఆడతాను" అన్నాను.

"అరే బేటా, నువ్వెలా ఆడతావు? నీకు కుర్చీ ఉండనే ఉంది కదా!" అందావిడ, నిజంగానే బెంగగా.

"అయితే కుర్చీలన్నీ తీసేయించండి. ముగ్గుతో గళ్ళు గీయండి. మీరు కాళ్ళు పెట్టండి, నేను చక్రాలు పెడతాను."

"ఏటే నీ మొండితనం!" అని అమ్మ తల పట్టుకుంది. నేను మైదానం మధ్యలో బ్రేకు వేసుకు కూర్చున్నాను. నేను కదిలితే గానీ ఆట మొదలవదు మరి. చివరికి గళ్ళు గీశారు. కానీ పాట ఆగినప్పుడల్లా ఆంటీలు నాకు దారి వదిలేస్తున్నారు. "పోనీలే, పాపం" అని ఒకావిడ తన గడిలోంచి తప్పుకుంది కూడా. ఒళ్ళు మండిపోయింది. "తప్పుకోకండి ఆంటీ, ఆడండి!" అని అరిచాను. జాలి లేని మనిషి ఒక్కర్తే, మా మేనత్త. విజయనగరం నుంచి కాపురానికొచ్చిన భారీ మనిషి. ఆఖరికి ఒక్క గడి, మేమిద్దరం మిగిలాం. పాట ఆగింది. నేను చక్రం తిప్పేలోపు అత్త ఒక్క దూకు దూకి, నా కుర్చీని తుంటితో పక్కకు నెట్టి, "తప్పుకోవే!" అంటూ గడి నిండా నిలబడింది.

సెక్రటరీ ఆంటీ హాట్‌బాక్సు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఫస్ట్ ప్రైజు అమ్మాయికే ఇచ్చేద్దాం, ఏమంటారు?" అందరూ చప్పట్లు.

"ఏటి ఇచ్చేది? గెలిసింది నేను కదేటి!" అంది అత్త.

"అవును, నేను ఔట్!" అని నేనూ అరిచాను. "అందరిలాగే ఔటయ్యాను. నాకు జాలి ప్రైజులొద్దు!" హాట్‌బాక్సు అత్త చేతిలో పెట్టేసి, మరుక్షణమే తుంటితో తొయ్యడం ఫౌలని ఆవిడతో దెబ్బలాటకు దిగాను. అంత సంతోషంగా నేనెప్పుడూ దెబ్బలాడలేదు.

ఇప్పుడు ఆఫీసులో ర్యాంపు కోసం, పెద్ద పనులు నాకూ ఇవ్వమని రోజూ పోట్లాడుతూనే ఉన్నాను. ఆ పన్నెండో తరగతి పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. అబ్బ, ఎంత పొగరో! ఆ పొగరేదో ఇంకా చిన్నప్పుడే వచ్చి ఉంటే, ఎన్నెన్ని ఆటల్లో ఓడిపోయి ఉండేదాన్నో.