పదో తరగతి మెమోలో పుట్టిన కోడిపుంజు

నడుస్తున్న వ్యాపారాన్ని ముంచాలంటే మామూలు మనుషులకు చాలా సరంజామా కావాలి. పేకాట కావాలి, తాగుడు కావాలి, కనీసం ఒక పనికిమాలిన బావమరిదైనా కావాలి. నాకు ఇవేవీ అవసరం పడలేదు. చేతిలో ఒక ఫోనూ, బీరువాలో పదో తరగతి మెమో ఉంటే సరిపోయింది. నాలుగేళ్ళు కష్టపడి నిలబెట్టిన బండిని ఒక్క వారంలో ముంచేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మీ ఇంట్లో కూడా మెమో ఉంటే మాత్రం కాస్త చూసి నవ్వండి.

మాది చేవెళ్ల దగ్గర ఆలూరు. మొయినాబాద్ రోడ్డు మీద, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బస్సు కోసం నిలబడే చోట, నేనూ నా దోస్తు యాదగిరీ చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టాం. యాదగిరి మాస్టర్. మా ధంధాలో మాస్టర్ అంటే చదువు చెప్పేవాడు కాదు, మంట ముందు నిలబడి కడాయి ఎగరేసేవాడు. నేను గిరాకీతో మాట్లాడేవాణ్ణి. ఇద్దరం సమానంగా ఓనర్లమే గానీ, నా చొక్కాకు నూనె మరకలు ఉండవు కాబట్టి జనం నన్నే ఓనర్ అనుకునేవారు. వాళ్ళ నమ్మకాన్ని చెడగొట్టడం ఎందుకులే అని నేనూ ఊరుకునేవాణ్ణి. బండి ముందు పెద్ద డ్రాగన్ బొమ్మ గీయించాం. పెయింటర్ గీసిన బొమ్మను యాదగిరి చాలాసేపు చూసి, ఉడుమును మంచిగ దించిండు అన్నాడు.

బండికి పైకప్పు ఒక టార్పాలిన్ పట్టా. వానొస్తే పొయ్యి ఆరిపోకుండా యాదగిరి గాలివాటుకు వీపు అడ్డం పెట్టి వండేవాడు. ముందు మంట, వెనక వాన. నేను గొడుగు పట్టుకుని వాడికి ధైర్యం చెప్పేవాణ్ణి. అలాంటి సమయంలో మా ఎదురుగానే ఒక షటర్ గది ఖాళీ అయింది. గోడలు, స్లాబు, నల్లా, అన్నీ ఉన్నాయి. యాదగిరి రోజూ సాయంత్రం రోడ్డు దాటి పోయి ఆ మూసిన షటర్‌ను ఒకసారి తడిమి వచ్చేవాడు. యజమాని పెద్దమనిషి. వచ్చే వారం ఆదివారం సాయంత్రం దాకా ఆపుతానని, ఇద్దరూ వచ్చి కిరాయి కాగితం మీద సంతకం చేయాలని, లేకపోతే సెల్‌ఫోన్ల దుకాణం వాళ్ళకు ఇచ్చేస్తానని చెప్పాడు. ఇక మిగిలింది సంతకాలే.

ఆ మాట అయిన రోజే, శనివారం సాయంత్రం, మేడం వచ్చింది. సురంగల్ వైపు ఆవిడకు ఫామ్‌హౌస్ ఉంది. శని, ఆదివారాలు సిటీ నుంచి వచ్చి చెట్లకు నీళ్ళు పట్టించి, మా దగ్గర చికెన్ నూడిల్స్ పార్సిల్ కట్టించుకుని పోయేది. ఆ రోజు మా ఉడుమును చూసి ముచ్చటపడి, మీరు ఏ ఇయర్‌లో పుట్టారు మల్లేశ్ అని అడిగింది. చైనా వాళ్ళ జాతకం చూస్తుందట.

ఇక్కడ నా పాత బాధ ఒకటి చెప్పాలి. నాకు జాతకం లేదు. పంతులు దగ్గరికి పోతే పుట్టిన గడియ అడుగుతాడు. మా అవ్వను అడిగితే, బర్లు ఇంటికొచ్చే యాళ్ళ అంటుంది. బర్లు వచ్చే వేళతో నక్షత్రం కట్టడం ఆ పంతులుకు చేతకాలేదు. ఏ శాస్త్రానికీ అందని మనిషిగా బతుకుతున్న నాకు మేడం చెప్పిన సంగతి అమృతంలా వినిపించింది. చైనా వాళ్ళకు గడియలు అక్కర్లేదట. ఏడాదికొక జంతువు, మొత్తం పన్నెండు. ఏ ఏడాది పుడితే ఆ జంతువే మన స్వభావం. ఏడాది అయితే నా దగ్గర ఉంది. మెమోలో అచ్చు వేసి, ముద్ర కొట్టి మరీ ఉంది.

మెమోలో నా పుట్టినరోజు జూన్ ఒకటి. ఆ మాటకొస్తే యాదగిరిదీ జూన్ ఒకటే. మా క్లాసులో సగం మందిదీ అదే. బడి తెరిచే కాలంలో సారు ఏ తారీఖు వేస్తే ఆ తారీఖున మేమంతా కాగితం మీద పుట్టాం. తారీఖు ఉత్తదని నాకు తెలుసు. నెల ఉత్తదని తెలుసు. మరి సంవత్సరం మాత్రం నిఖార్సైన నిజమని ఏ బుద్ధితో నమ్మానో ఇప్పటికీ అంతుపట్టదు.

మేడం ఫోనులో చూసి, నేను కోడిపుంజునని తేల్చింది. కోడిపుంజు అందగాడట. నలుగురిని నడిపించేవాడట. ఉన్నమాట ముఖం మీదే అంటాడట. ప్రతి ముక్కకూ నా మెడ ఒక అంగుళం సాగింది. యాదగిరి కడాయిలోంచి తల ఎత్తకుండా, "కోళ్ళు మా ఐస్ డబ్బాల బగ్గ ఉన్నయి మేడం" అన్నాడు.

వాడి మెమోలో సంవత్సరం నాదానికంటే ఒకటి ఎక్కువ. చూస్తే వాడు కుక్క. మేడం ముఖం వాడిపోయింది.

"రూస్టర్‌కీ డాగ్‌కీ అస్సలు పడదు మల్లేశ్. కలిసి బిజినెస్ చేస్తే ఒకరి వల్ల ఒకరికి హాని అని ఉంది. జాగ్రత్త."

అంత మాట అనేసి ఆవిడ పార్సిల్ పట్టుకుని కారెక్కి పోయింది. నాకు నిద్ర పోయింది.

ఆ రాత్రీ, ఆదివారమంతా ఫోనులో చైనా శాస్త్రం చదివాను. పదో తరగతి ఈ లెక్కన చదివి ఉంటే బండి పెట్టే అవసరమే వచ్చేది కాదు. కోడికి పసుపు రంగు కలిసొస్తుందంటే పసుపు చొక్కా కొన్నాను. వేకువనే లేవాలంటే నాలుగింటికే లేచి, ఏం చేయాలో తోచక మళ్ళీ పడుకున్నాను. నాలుగు అంకె చైనాలో చావుకు గుర్తని చదివి, నాలుగు ప్లేట్లు అడిగిన హాస్టల్ పిల్లలను ఐదు తీసుకోండి, లేదంటే మూడు తీసుకోండి అని బతిమాలాను. అన్నకు ఎండ తగిలింది అని వాళ్ళు పక్క బండికి పోయారు.

అన్నిటికంటే ఘోరం, యాదగిరి ఏం చేసినా నాకు కుక్కలాగే కనబడడం మొదలైంది. మధ్యాహ్నం బండి కింద నీడలో ముడుచుకుని పడుకుంటాడు, కుక్కే. అడ్డంగా ఆపిన ఆటోవాళ్ళ మీద కయ్యిమంటాడు, కుక్కే. కుక్కకు విశ్వాసం ఎక్కువ, దోస్తు కోసం ప్రాణమిస్తుంది అని కూడా అదే పేజీలో రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేను వేలితో పైకి తోసేశాను.

సోమవారం పొద్దున వాడు ఉల్లాకు తరుగుతుంటే, షటర్ వద్దని చెప్పాను.

"ఎందుకొద్దు?"

"కలిసి ఉంటే ఇద్దరం ఖరాబైతం యాద్గిరీ. శాస్త్రంల ఉన్నది."

"చైనోళ్ళకు నేను ఎట్ల ఎర్క?"

"వాళ్ళకు ఎర్క అవసరం లేదు. నువ్వు కుక్కవు, నేను కోడిని. గంతే."

వాడు పొయ్యి ఆర్పాడు. కత్తి కడిగి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుంటూ, "నాలుగేండ్ల సంది నా చేతి బువ్వ తింటున్నవ్ రా. ఇన్నొద్దులు యాదికి రాలే, నేను కుక్కనని?" అన్నాడు. నేను కోడిపుంజును గదా, ఉన్నమాట ముఖం మీదే అనాలి గదా, అందుకని ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. వాడు బస్సెక్కి పోయాడు. మర్నాటికి చేవెళ్లలో వేరే ఫాస్ట్‌ఫుడ్‌లో మాస్టర్‌గా కుదిరాడని తెలిసింది.

ఇక కోడిపుంజు నాయకత్వం మొదలైంది. నడిపించడానికి నాకు నేను తప్ప ఎవరూ లేరు. కడాయి ఎగరేయడం చూడటానికి సులువు. మొదటిసారి ఎగరేస్తే నూడిల్స్ సగం డ్రాగన్ మీద పడ్డాయి. రెండోసారి జాగ్రత్తగా, అసలు ఎగరేయకుండా వండితే ముద్దయ్యాయి. కాలేజీ పిల్లవాడొకడు ప్లేటు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, దీన్ని కోసుకోనీకె కత్తి ఇస్తవా?" అని వినయంగా అడిగాడు. మూడోరోజు మంట ఎగిసి నా ఎడమ కనుబొమ్మ కాలిపోయింది. శుక్రవారానికి బండి దగ్గర నేనూ, ఉడుమూ మిగిలాం. ఆ సాయంత్రమే షటర్ యజమాని ఫోన్ చేసి, ఎల్లుండి మీరిద్దరూ రాకపోతే నన్ను అనుకోవద్దు బిడ్డా అని చెప్పాడు.

శనివారం పొద్దున మా అవ్వ వాకిట్లో చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ నా ముఖం చూసింది. సగం కనుబొమ్మ ఏదని అడిగింది. యాదగిరి ఎందుకు కనబడటం లేదని అడిగింది. కోడి, కుక్క, హాని, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. మొత్తం విని, చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని చాలాసేపు నవ్వింది.

"వాడు నీకంటె చిన్నోడని ఎవలు చెప్పిండ్రు రా? నన్ను, వాళ్ళవ్వను ఒక్క ట్రాక్టర్ల ఏసుకొని చేవెళ్ల దవాఖానకు కొంచవోయిండ్రు. సంక్రాంతి పోయిన వారానికే. కందులు కొడుతున్న కాలం. పొద్దుగాల వాడు పుట్టిండు, బర్లొచ్చే యాళ్ళకు నువ్వు పుట్టినవ్."

"మరి మెమోల ఒక ఏడు తేడా ఎట్లున్నది?"

"నేను కూలికి పోతే నిన్ను ఎవలు జూడాలె? నాలుగున్నరేండ్లకే బడికి తోలిన. ఐదు నిండకపోతే తీసుకోరంటే సారు నిన్ను ఒక ఏడు ముందే పుట్టిచ్చిండు. యాద్గిరి పైయేడు వచ్చిండు, వాని ఏడు సక్కగనే రాసిండు. ఒకటో తరగతిల కూసోక నీ పొంటి ఉరికొచ్చి కూసున్నడు. ఎంత కొట్టినా లేవలే."

వాడు నా పక్కన కూర్చోవడం నాకు గుర్తుంది. సారు బెత్తం కూడా గుర్తుంది. కానీ, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది అది కాదు. నా వయసు ఒక ఏడు ఎక్కువ రాశారంటే, నా అసలు సంవత్సరమూ వాడి సంవత్సరమూ ఒక్కటే. అంటే నేను కోడిని కాదు. నేనూ కుక్కనే.

పరమానందంతో బైకు మీద చేవెళ్ల పోయాను. పసుపు చొక్కా, అర కనుబొమ్మతో యాదగిరి ముందు నిలబడి శుభవార్త చెప్పాను. మనిద్దరం కుక్కలమే, శాస్త్రం ప్రకారం రెండు కుక్కలకు మస్తు పొత్తు కుదురుతుందని, సాయంత్రమే షటర్‌కు పోదామని అన్నాను. వాడు కడాయి ఎగరేస్తూనే ఉన్నాడు. మూడు ప్లేట్ల ఫ్రైడ్ రైస్ తీసి, నాలుగోది కడాయిలో వేసి, అప్పుడు నా వైపు చూశాడు.

"నేను కుక్కనని ఇడిచిపెట్టినవ్. నువ్వు గూడ కుక్కవని వచ్చినవ్. నేను యాద్గిరినని ఎప్పుడొస్తవ్ రా?"

ఉన్నమాట ముఖం మీద అనేది ఎవరో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. పొగ అని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, నేను పొయ్యికి దూరంగా ఉన్నాను. తప్పయిపోయింది యాద్గిరీ అన్నాను. కనీసం ఫోను తీయకుండా అన్నాను. వాడు నా కనుబొమ్మను పరీక్షగా చూసి, మంట ఎక్కువ పెట్టినవ్ అన్నాడు. మా భాషలో అది క్షమాపణ స్వీకరించడం.

ఆదివారం సాయంత్రం ఇద్దరం సంతకాలు పెట్టాం.

షటర్ తెరిచిన రోజు మేడం వచ్చింది. కథ మొత్తం చెప్పి, మేం ఒకే రోజు పుట్టామని, ఇద్దరం కుక్కలమేనని గర్వంగా ప్రకటించాను. ఆవిడ సంతోషపడి, ఏ నెల అని అడిగింది. సంక్రాంతి పోయిన వారానికి, అంటే జనవరి అన్నాను. ఆవిడ వేలు ఫోను మీద ఆగిపోయింది.

"అయ్యో మల్లేశ్, జనవరి అయితే లెక్క మారుతుంది. చైనావాళ్ళకు కొత్త సంవత్సరం ఫిబ్రవరిలో మొదలైంది ఆ ఏడు. అంటే మీరు ముందటి ఏడాదిలోకే వస్తారు. మీరిద్దరూ రూస్టర్లే."

అంటే నేను మొదటి నుంచీ కోడినే. సారు అబద్ధం రాసి నన్ను కోడిని చేశాడు, అబద్ధం తీసేసినా కోడినే. వాడూ కోడే. ఆవిడ ఇంకా కిందికి జరిపి, రెండు కోడిపుంజులు ఒక చోట ఉంటే రక్తాలు కారేలా పొడుచుకుంటాయి అని చదివింది. నా కాళ్ళ కింద కొత్త షటర్ నేల కదిలింది. మెల్లగా యాదగిరి వైపు చూశాను. వాడు గరిటె పక్కన పెట్టి, చాలా మర్యాదగా మేడం ముందుకు వచ్చాడు.

"మీకు ఎప్పటి లెక్క చికెన్ నూడిల్సే గద మేడం? మా ఇద్దర్ల ఎవల్ని కొయ్యమంటరు?"

మేడం ఆ రోజు ఎగ్ నూడిల్స్ తీసుకుంది.

కాబట్టి ఈ స్లాబు సాక్షిగా, వానకు ఆరని ఈ పొయ్యి సాక్షిగా, సగమే మొలిచిన నా కనుబొమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చైనావాళ్ళు గాని, మనవాళ్ళు గాని, ఏ దేశపు వాళ్ళయినా గాని నేను ఏ జంతువునో చెప్పడానికి వస్తే, ముందు యాదగిరిని అడగమంటాను. నన్ను బడి నుంచీ దగ్గరుండి చూసినవాడు వాడే. వాడు చెప్పిన జంతువు పేరు మాత్రం ఇక్కడ రాయలేను. అది చైనావాళ్ళ పన్నెండింటిలో లేదు.