సలీం భాయ్ పందెం నేను తినేశాను

ఈ సంగతి మోసీ మోసీ అలసిపోయాను. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఉన్న ఒకరిద్దరు స్నేహితులకు చెబితే మళ్లీ నా ముఖం చూడరు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను.

అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం అమీర్‌పేటకు ఎగబడుతున్న రోజులవి. నేనూ తణుకు నుంచి అందుకే వచ్చాను. కోర్సు తలకెక్కలేదు. మధురానగర్ హాస్టల్లో ఉంటూ, పంజాగుట్టలో ఒక బుకీ దగ్గర గుర్రప్పందాలు పోగుచేసే పనిలో చేరాను. మలక్‌పేటలో రేసు ఉన్న రోజు షాపులవాళ్లు నా చేతికి డబ్బిచ్చి గుర్రం పేరు చెబుతారు. నేను బుకీకి ఫోన్ చేసి చెబుతాను. కమీషన్ ఇస్తాడు.

కొన్నాళ్లకే నాకు తెలివొచ్చింది. కాసేవాళ్లలో ఎక్కువమంది ఓడిపోతారు. ఎలాగూ పోయే డబ్బు బుకీ దాకా పంపడమెందుకు? ఫోన్ చెయ్యకుండా జేబులో వేసుకోవడం మొదలుపెట్టాను. మాలో దాన్ని పందెం తినడం అంటారు.

సలీం భాయ్‌ది మానిటర్లు బాగుచేసే చిన్న షాపు. నాకు జ్వరమొస్తే హాస్టల్‌కు కిచిడీ పంపిన మనిషి, ఆ ఊరు మొత్తంలో ఆయనొక్కడే. ఆయన పందాలూ తిన్నాను, ఛీ!

ఒక ఆదివారం ఆయన ఎవరూ కాయని గుర్రం మీద పెద్ద మొత్తం కాశాడు. గెలిస్తే మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపుకు అడ్వాన్స్ కడతాడట. లోపల నవ్వుకున్నాను. ఫోన్ చెయ్యలేదు.

ఆ గుర్రమే గెలిచింది. అలాంటి గుర్రం గెలిస్తే కాసినదానికి ఎన్నో రెట్లు ఇవ్వాలి, పందెం తిన్నది నేను కాబట్టి నేనే ఇవ్వాలి. అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాను? ఆయన కాసిన డబ్బు మాత్రం పట్టుకుని, పెద్ద నిజాయితీపరుడిలా షాపుకెళ్లాను.

"లైన్ కలవలేదు భాయ్. పందెం పడలేదు," అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యేశాడు.

"ఫికర్ చెయ్యకు అన్న. నీ తప్పేముంది? గుర్రాన్నైతే కరెక్టుగనే పట్టిన గదా!"

తిట్టినా బాగుండేది. వారం తిరక్కుండా నాకు సెల్‌ఫోన్ కొనిచ్చాడు, ఇంకోసారి లైన్ తప్పిపోకూడదని. తీసుకున్నాను.

అప్పట్నుంచి ఆయన పందాలన్నీ బుద్ధిగా పంపాను. అన్నీ ఓడాయి. అయినా ఆయన ఆగలేదు. ఎందుకాగుతాడు? తన లెక్క తప్పలేదనీ, ఫోనే దెబ్బకొట్టిందనీ నమ్మాడు. ఓడిపోయినవాడు ఏదో ఒకరోజు విసుగొచ్చి మానేస్తాడు, గెలిచీ డబ్బు చేతికందనివాడు మానలేడు, ఆ పిచ్చి నమ్మకం ఆయనకు అంటించింది నేనే. చివరికి ఉన్న చిన్న షాపూ పోయింది.

నిజం చెప్పి ఉంటే? కొట్టేవాడేమో. షాపు మిగిలేదేమో. నేను దేనికి భయపడ్డాను? దెబ్బలకా? డబ్బుకా? నాకున్న ఆ ఒక్క మనిషీ నన్ను వదిలేస్తాడనా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ తర్వాత ఆయన కళ్లలోకి చూడలేక నేనే తప్పించుకు తిరిగాను. ఇద్దరం ఒకరికొకరం లేకుండా పోయాం.

మొన్న ఎర్రమంజిల్‌లో ఎదురుపడ్డాడు. ఎవరి షాపులోనో జీతానికి చేస్తున్నాడట. బలవంతంగా చాయ్ తాగించాడు. "ఆ దినం లైన్ కలిసుంటేనా అన్న..." అని నవ్వాడు. నేను తలూపాను.

లైన్ బాగానే ఉంది. నేనే ఫోన్ చెయ్యలేదు.

ఇన్నేళ్లకు ఈ రెండు ముక్కలూ బయటికొచ్చాయి. గుండె కాస్త తేలికపడింది. వినాల్సిన మనిషి మాత్రం ఇంకా ఆ ఫోన్‌నే తిట్టుకుంటున్నాడు.