ఊరికే ఇచ్చిన ట్రే

లామినేషన్ మిషను వేడెక్కుతుంటే వచ్చే ప్లాస్టిక్ వాసన నాకిష్టమని చెబితే నవ్వుతారు. మొన్న చింతామణి బస్టాండు పక్కన ఒక సైబర్ అంగడిలో మా అమ్మాయి మార్కుల కార్డు లామినేషన్‌కిచ్చి నిలబడ్డాను. ఆ వాసన ముక్కుకు తగలగానే నాగరత్నమ్మ గుర్తొచ్చింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి పనిచ్చిన మనిషి ఆవిడ. ఇదే వీధిలో ఆవిడకు సైబర్ సెంటరు ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిదీ పాతవే; మూలన ఒక లామినేషన్ మిషను. నాలుగేళ్ళు అక్కడ పనిచేశాను. నాకు మొండిదాన్నని పేరుంది. ఆ పేరులో సగం వాటా ఆవిడదే.

ఆవిడ చదివింది ఎస్సెల్సీ, పుట్టింది టమాటా మండీ నడిపే ఇంట్లో. చేరిన కొత్తలో ఒకరోజు తెరలు తుడుస్తూ అడిగాను: "అమ్మా, ఈ బ్రౌజరు అందరికీ ఊరికే ఇస్తాండారు కదా, వాళ్ళెట్ల బతుకుతారు?"

"మా నాయన రైతులకి ఖాళీ ట్రేలు ఊరికే ఇచ్చేవాడు, చూసినావా? ట్రే మీద మా మండీ పేరుండాది. దాంట్లో నింపిన కాయ యాడికి పోతాది? మా మండీకే వస్తాది. కమీషను మాకే." ఆవిడ తెర మీద, మనం వెతికేది టైపు చేసే గడిని వేలితో చూపించింది. "బ్రౌజరు ట్రే. మనం వెతికేది కాయ. ఈడ టైపు చేసింది ఏ వెతుకుడు కంపెనీకి పోవాలో ముందే మాట్లాడుకోనుంటారు. అందుకు ఆ కంపెనీ బ్రౌజరు వాళ్ళకి దుడ్డిస్తాది. కంపెనీకి అడ్వర్టైజ్‌మెంటు వాళ్ళిస్తారు."

"అయితే మోసమే కదమ్మా?"

"మా నాయన మోసగాడా? ట్రే ఎవురిదో తెలుసుకోని నింపు. అంతే."

అర్థమైందని తలూపాను. ఏమీ అర్థం కాలేదని తర్వాత తేలింది.

మూడో ఏడు మా ఎదురుగా కొత్త సెంటరు వచ్చింది. ఏసీ, వెడల్పాటి మానిటర్లు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నాగరత్నమ్మ బంధువుల పెళ్ళికి బాగేపల్లి వెళ్ళిన రోజే, ఒక కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఎనిమిదింటిలోనూ వాళ్ళ బ్రౌజరు ఎక్కించుకుంటే నాలుగు కొత్త మానిటర్లు ఊరికే ఇస్తానన్నాడు. ఆవిడ వచ్చేసరికి అంగడి మెరిసిపోవాలని నా ఆశ. సరేనన్నాను. అప్పటికప్పుడే మానిటర్లు దించి, బ్రౌజరు ఎక్కించి పోయాడు.

ఆ మధ్యాహ్నమే జంగమకోటె నుంచి ఒక అమ్మాయి నర్సింగ్ సీటుకు అర్జీ వేయడానికి వచ్చింది. కొత్త బ్రౌజరులో వెతికాను. మొదట వచ్చిన పేజీ అచ్చం సర్కారుదిలాగే ఉంది. అర్జీ నింపి, ఫీజు కట్టించి పంపాను. మర్నాడు ఆ అమ్మాయి అర్జీ నంబరు కోసం వస్తే, సర్కారు పేజీలో అసలు అర్జీయే లేదు. మేం నింపింది ఎవరో దళారీ పేజీ. డబ్బిచ్చినవాళ్ళను పైన కూర్చోబెట్టడమే ఆ కొత్త బ్రౌజరు బతుకుతెరువు. అర్జీలకు ఆ రోజే ఆఖరు.

"ఈ ఏడు పోతే పట్టుపురుగులు మేపేకి కూర్చోబెడతారక్కా," అని ఆ పిల్ల ఏడ్చింది.

అప్పుడే నాగరత్నమ్మ పెళ్ళికి కట్టుకుపోయిన చీరలోనే బస్సు దిగి వచ్చింది. జరిగింది విని, నేరుగా కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ బ్రౌజరును తీసేసింది. సర్కారు పేజీ తెరిచి, అర్జీ అంతా తన చేత్తో మళ్ళీ నింపి, ఫీజు తానే కట్టింది. సాయంత్రానికి నంబరు వచ్చింది.

పొద్దున ఏజెంటును పిలిపించింది. "నీ మానిటర్లు ఎత్తుకోని పో అప్పా."

"ఊరికే ఇచ్చినవి కదమ్మా!"

"ఊరికే యాడిచ్చినావు? మా దగ్గరికొచ్చే జనాన్ని తీసుకోని ఇచ్చినావు."

"ఎదురంగడికి ఇస్తాను. మీది మూతపడుతుంది, చూసుకోండి."

"పడనీ. అంగడి మూసుకోని పోతాను గానీ, నన్ను నమ్మి వచ్చినోళ్ళని నీ ట్రేలో పొయ్యను."

అతను వెళ్ళాక, నన్ను తిట్టండమ్మా అన్నాను. "తిట్టేకి టైము యాడుండాది? మిగిలిన ఏడింట్లోనూ తీసెయ్యి," అంది.

రెండేళ్ళు తిరక్కుండానే మా సెంటరు నిజంగానే మూతపడింది. బతకడం చేతకాని మనిషి అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆ మాటకు నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లకు సీటొచ్చిన సంగతి వాళ్ళెవరికీ తెలియదు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నా ఫోనులో బ్రౌజరు కూడా ఊరికే వచ్చిందే. వాడుతూనే ఉన్నాను. కానీ నా వెతుకులాట ఎవరికి పోవాలో నేనే ఎంచుకుని పెట్టుకున్నాను.

మొన్న ఆ అంగడిలో నా పక్కన బట్లహళ్ళి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు పెన్షను అర్జీ కోసం కూర్చున్నారు. అంగడతను వెతికి, అన్నిటికన్నా పైనున్న దాన్ని నొక్కాడు. పక్కనే చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉంది.

"అప్పా, అది సర్కారుది కాదు. కిందుండేది తెరవమను," అన్నాను.

అంగడతను మా అమ్మాయి కార్డు నా చేతిలో పెట్టాడు. "మీకెందుకు మేడం? మీ పనైంది కదా, పోండి."

కార్డు ఇంకా వేడిగా ఉంది. ఖాళీ స్టూలు లాక్కుని ఆ పెద్దాయన పక్కన కూర్చున్నాను.

"పోను. ఈయప్ప అర్జీ సర్కారు పేజీలో పడేదాకా ఈడనే ఉంటాను."