దీపం తీసేసిన కిటికీ

“కుర్చీ ఒక్కటే ఉందేం?” అంది ఫెలీసియా వంటింటి గుమ్మంలో నిలబడి.

“మనిషి ఒకర్తే గనక,” అంది మైబ్రిత్.

ఫెలీసియా నవ్వింది, నవ్వుతూనే ఫోనులో ఏదో రాసుకుంది. అమ్మకానికి వచ్చిన ఇళ్లను ముస్తాబు చేయడం ఆమె పని. వయసు ముప్పై ఇంకా నిండలేదు. డిసెంబరు మొదటి వారం, గోథెన్‌బర్గ్ ఊరంతా ఊపిరాడని పనిలో ఉంది. రొట్టెల దుకాణాల్లో కుంకుమపువ్వు బన్నుల కోసం వరసలు, బడుల్లో లూసియా పండగ పాటల సాధన, ప్రతి ఇంట్లోనూ అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగడం. దానికి తోడు క్రిస్మస్ లోపల ఇల్లు చూపించి గట్టున పడాలనుకునేవాళ్ల తొందర ఒకటి. ఆ బుధవారం ఫెలీసియాకు ఇది రెండో ఇల్లు. మూడో ఇంటివాళ్లు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.

“ఒక్క కుర్చీ చూస్తే కొనేవాళ్లకి దిగులేస్తుంది,” అంది. “నా వ్యానులో ఇంకోటి ఉంది, తెస్తా. రెండుంటే ఎవరో ఎదురెదురుగా కూచుని కాఫీ తాగుతున్నట్టు ఉంటుంది.”

“ఎవరు?”

“ఎవరో ఒకరు. అది కొనేవాళ్లు ఊహించుకుంటార్లే. నువ్వు బెంగపడకు.”

ముప్పై నిండని పిల్ల అరవై ఎనిమిదేళ్ల మనిషిని నువ్వంటే ఆ దేశంలో ఎవరూ ముక్కున వేలేసుకోరు. అక్కడ అందరూ అందరికీ నువ్వే. ఆ ఒక్క మాటతో మనుషులు దగ్గరైపోతారని చాలాకాలం కిందట ఆ దేశంవాళ్లు గట్టిగా నమ్మారు. పిలుపు దగ్గరయింది గాని గుమ్మాలు ఉన్నచోటే ఉన్నాయి.

మైబ్రిత్ ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఊళ్లో ట్రామ్ నడిపింది. ఏ మలుపు దగ్గర ఎంత బ్రేకు వేయాలో పాదానికి ఇప్పటికీ తెలుసు, మోకాళ్లే మాట వినడం మానేశాయి. ఇల్లేమో మూడో అంతస్తు. కింది అంతస్తు రాతిది, పై రెండూ కొయ్యవి. అది కట్టిన కాలంలో లిఫ్టు అన్న ఊసే లేదు. అందుకని ఊరి చివర లిఫ్టు ఉన్నచోట ఒంటిగది ఇల్లు తీసుకుంది. దాని కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే జాగా కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లు. అప్పటిదాకా కలిసి బతికిన మనిషితో తెగిపోయాక, రెండు సూట్‌కేసులూ రెండు కుర్చీలతో వచ్చింది. అందులో ఒక కుర్చీ కాలు విరిగింది. బాగుచేయించాలి అనుకుంటూ అనుకుంటూ కొన్నాళ్లకు అనుకోవడం కూడా మానేసింది.

రెండు గంటల్లో ఇల్లు ఆమెది కాకుండా పోయింది. ఫ్రిజ్ మీద అతికించిన కాగితాలు, మందుల డబ్బా, గుమ్మం దగ్గరి పాత చెప్పులు, ట్రామ్ డిపో వాళ్లు వీడ్కోలుకిచ్చిన గడియారం అన్నీ నేలమాళిగలోని కొట్టుగదికి దిగాయి. మంచం మీదికి బూడిదరంగు దుప్పటి వచ్చింది. వంటింటి బల్ల మీదికి గిన్నె నిండా నిమ్మకాయలు వచ్చాయి.

“ఇవి తినొద్దు,” అంది ఫెలీసియా.

“ఉత్త నిమ్మకాయలెవరు తింటారు?”

“పోయినవారం ఒకాయన తిన్నాడు. ఫొటోగ్రాఫరు వచ్చేసరికి గిన్నెలో తొక్కలున్నాయి.”

రెండో కుర్చీ వచ్చింది. దాని మీద లేత నీలం దిండు ఆనించి, దాని నడినెత్తిన అరచేతి అంచుతో ఒక్కటిచ్చింది.

“అదేం పాపం చేసింది?” అంది మైబ్రిత్.

“ఒక్కటిస్తేనే మెత్తగా కనబడుతుంది. ఆదివారం చూపింపు అయ్యేదాకా దీంట్లో కూచోకు, నొక్కుకుపోతుంది.” ఆ మాట అంటూనే కిటికీ దగ్గరికి నడిచి, గట్టు మీదున్న ఎర్రరేకు దీపం తీగ పీకింది. “ఇదీ వెళ్లాలి.”

“దాన్ని ఉండనీ.”

“ఎక్కడిదిది?”

“డిపోది. పాత షెడ్డు పడగొట్టినప్పుడు తెచ్చుకున్నా.”

“బాగుంది. ట్రామ్ చప్పుడు వినబడకుండా నేను మూడు రగ్గులు పరిచా. నువ్వేమో ట్రామ్ దీపమే కిటికీలో పెడతానంటున్నావు.”

“పోనీ కాగితం నక్షత్రం పెట్టుకోనా? ఈ నెలలో అందరి కిటికీల్లోనూ ఉంటుందిగా.”

“అస్సలు వద్దు. ఫొటోలో నక్షత్రం పడిందనుకో, జనవరిలో చూసినవాళ్లు ‘అమ్మో, పండగ నించీ పడుంది, ఏదో లోపం ఉంది’ అనుకుంటారు. ఆర్కిడ్ అయితే ఏ నెలలో తీసిన ఫొటోనో ఎవడూ చెప్పలేడు.” ఎర్రదీపం ఉన్నచోట తెల్ల ఆర్కిడ్ కుండీ పెట్టి, మూడో ఇంటికి పరుగెత్తింది.

కిటికీల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఎండ దేశాల్లో కిటికీ అంటే బయటి వెలుతురును ఆపే వస్తువు. కొన్ని వేడి రేవుపట్టణాల్లో దానికి చెక్క జల్లెడ బిగిస్తారు, లోపలివాళ్లు బయటికి చూడొచ్చు, బయటివాళ్లు లోపలికి చూడకూడదు. ఈ ఊళ్లో అదంతా తలకిందులు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటిపడేచోట కిటికీ లోపలి వెలుతురును బయటికి పంపిస్తుంది. తెర వేయరు. ప్రతి గట్టు మీదా ఒక చిన్న దీపం పెడతారు. దాని వెలుగులో ఇంట్లోవాళ్లు అక్షరం ముక్క చదవలేరు. అది దారినపోయేవాళ్ల కోసం. అంత ప్రేమగా దీపం పెట్టినవాళ్ల తలుపు ఎవరైనా తడితే మాత్రం గుండె ఆగినంత పనవుతుంది.

మైబ్రిత్ దీపానికి ఇంకో పని కూడా ఉండేది. మొదటి ట్రామ్ డ్యూటీ రోజుల్లో వేకువనే లేచి ఆ దీపం వేసేది. పెరటి అవతల, నాలుగు వైపులా ఇళ్లు కట్టిన ఆ చతురస్రంలో సరిగ్గా ఎదురు కిటికీలో, కొద్ది నిమిషాలకు ఒక ఆకుపచ్చ దీపం వెలిగేది. ఆమె ఉద్యోగం అయిపోయి ఆరుకు లేవడం మొదలుపెట్టింది. ఆ వారంలోనే ఆకుపచ్చ దీపం ఆరూ ఐదుకు మారింది. ఆ ఇంట్లో ఉన్నది ఒక పొడుగాటి మనిషి. పేరు తెలియదు. అందరికీ ఉమ్మడిగా ఉన్న బట్టలుతికే గదిలో బుకింగు పలక మీద పేర్లుండవు, ఇంటి నంబర్లే ఉంటాయి. ఆయన నంబరు ఇరవై ఏడు. ఆయన గుమ్మం వేరు. అక్కడి పేర్ల పలక చదవాలంటే పనిగట్టుకుని ఆ గుమ్మానికే పోవాలి. పనిలేకుండా ఎలా పోతుంది? చెత్తడబ్బాల దగ్గర రెండు మూడుసార్లు తలలూపుకున్నారు. ఒకసారి ఆయన “వాన,” అన్నాడు. ఆమె “అవును,” అంది. ఇరవై రెండేళ్లలో వాళ్ల మధ్య నడిచిన మాటలు ఆ రెండే.

ఆ పచ్చదీపం తన దీపానికి జవాబా, లేక ఆయన లేచే వేళే అదా? ఎప్పటినుంచో ఆమెను తొలిచే ప్రశ్న. తను ఒకనాడు పొద్దున్న లేవకపోతే ఈ ప్రపంచంలో ఎవరికైనా తెలుస్తుందా తెలియదా అన్నది ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

గురువారం ఆరింటికి అలవాటుగా చెయ్యి గట్టు మీదికి పోయింది. వేలికి ఆర్కిడ్ ఆకు తగిలింది. గోడమీది స్విచ్చి నొక్కితే పెద్ద లైటు వెలుగుతుంది, ఆయనకు ఆ వెలుగైనా కనిపిస్తుంది. స్విచ్చి దాకా వెళ్లిన చెయ్యి ఆగింది. చూద్దాం, అనుకుంది. అలా అనుకున్నందుకు కొంచెం సిగ్గేసింది కూడా. అయినా చీకట్లోనే నిలబడింది.

ఆరూ ఐదయింది. ఎదురు కిటికీ చీకటి. ఆరూ పది. ఆరూ ఇరవైకి వెలిగింది.

ఆలస్యంగా లేచాడేమో. దాన్నిబట్టి ఏం తేలుతుంది?

శుక్రవారం ఆరూ ఐదుకే వెలిగి, వెంటనే ఆరి, మళ్లీ వెలిగింది. బల్బు వదులయిందేమో, అనుకుంది. అంతలో ఆరింది, మళ్లీ వెలిగింది. ఆమె గోడకు ఆనుకుని స్విచ్చి కేసి చూస్తూ ఉండిపోయింది. చూపింపుకు మిగిలింది రెండు రోజులే, ఈలోగా పూర్తిగా తెలుసుకోవాలి అనుకుంది.

శనివారం ఆ దీపం వెలగనే లేదు. ఆరున్నర, ఏడు, ఎనిమిది. తెల్లవారి పెరట్లోకి బూడిదరంగు వెలుతురు వచ్చాక కూడా ఎదురు కిటికీలో అలికిడి లేదు. ఇప్పుడు భయం ఇటువైపు తిరిగింది. కోటు తొడుక్కుని, మోకాళ్లు మూలుగుతుండగా మెట్లన్నీ దిగి పెరట్లోకి వచ్చింది. ఆయన గుమ్మం దగ్గర ఒక కుటుంబం క్రిస్మస్ చెట్టును లోపలికి దూర్చలేక అవస్థపడుతోంది. వాళ్లలో ఒకావిడ, “ఎవరికోసం వచ్చావ్?” అంది మర్యాదగా.

“ఎవరికోసమూ కాదు. చెత్త వేద్దామని,” అంది మైబ్రిత్. చేతిలో చెత్త లేదు. మళ్లీ మెట్లెక్కింది.

ఆదివారం ఫెలీసియా వచ్చి ఓవెన్లో యాలకుల బన్నులు పెట్టింది, వాసన కోసం. ఇళ్లమ్మే ఏజెంటు కాస్పర్ గుమ్మంలో నీలం ప్లాస్టిక్ తొడుగుల బుట్ట పెట్టాడు, వచ్చేవాళ్లు బూట్లకు వేసుకోవడానికి.

“నువ్వు వెళ్లాలి మైబ్రిత్,” అన్నాడు. “ఇంటామె ఉంటే వచ్చినవాళ్లు అల్మరాలు తెరిచి చూడరు. అల్మరాలు తెరవని ఇల్లు అమ్ముడుపోదు.”

“ఎక్కడికి పోను?”

“సరదాగా ఎక్కడికైనా. పండగ సంత ఉంది కదా.”

ఆమె పదకొండో నంబరు ట్రామెక్కి సముద్రం దాకా వెళ్లింది. ట్రామ్ నిండా పొట్లాలు, పిల్లలు, ఒడిలో తడి గొడుగులు. నడిపే కుర్రాడు మలుపు దగ్గర బ్రేకు ఆలస్యంగా వేశాడు. వెనక సీట్లో ఆమె కుడిపాదం దానంతటదే నేలను తొక్కింది. చివరి స్టాపులో దీవులకు పోయే పడవలు తాళ్లకు కట్టి ఉన్నాయి. బెంచీ మీద కూచుని నల్లటి నీళ్లు చూస్తూ, ట్రామ్ మూడు నిమిషాలు ఆలస్యమైతే ఊరంతటికీ తెలిసిపోయేది, అనుకుంది. పట్టాల పక్క నిలబడ్డ ప్రతివాడూ గడియారం చూసుకునేవాడు. మనిషి ఆలస్యమైతే చూసుకునేదెవరు?

తిరిగి వచ్చేసరికి నాలుగవుతోంది, చీకటి. కాస్పర్ తొడుగులు ఏరి సంచిలో కుక్కుతున్నాడు.

“పదకొండు జంటలు. బాగా నడిచింది. ఒక్క ముసలాయన మాత్రం వింతగా ఉన్నాడు.”

“ఎవరు?”

“కొనడానికి రాలేదనుకుంటా. బాత్రూమ్ చూడలేదు. నెలవారీ ఖర్చెంతని అడగలేదు. తిన్నగా వంటింటి కిటికీ దగ్గరికి పోయి, ‘దీపం ఏదీ?’ అన్నాడు. ఏ దీపమన్నా. ‘ఎర్రది,’ అన్నాడు. తరవాత నన్ను పక్కకి పిలిచి, ‘ఇది చనిపోయినవాళ్ల ఇల్లా?’ అని అడిగాడు.”

మైబ్రిత్ కిటికీలోని ఆర్కిడ్ కేసి చూసింది.

“నిజానికి ఇంత శుభ్రంగా ఉంటే చాలామంది అలాగే అనుకుంటారు,” అన్నాడు కాస్పర్. “లేదు లేదు, ఆవిడ బతికే ఉంది, పొద్దున్నే నాతో పోట్లాడింది కూడా అన్నా. ఆయన ఆ కొత్త కుర్చీలో కూలబడ్డాడు. పది నిమిషాలు లేవలేదు. నీలం తొడుగులతో అలాగే కూచున్నాడు. వెనకవాళ్లకి దారి లేదు. ఏమనగలను? బన్ను ఒకటిచ్చా. తిని వెళ్లాడు.”

బల్ల మీద వచ్చినవాళ్ల పేర్ల పట్టిక ఉంది. మైబ్రిత్ చూపు దాని మీదికి పోగానే కాస్పర్ మోచెయ్యి అడ్డం పెట్టాడు. “అది చూపించకూడదు. రూలు.”

“నేనేం చూశాను?” అంది. ముప్పై ఒక్క ఏళ్లు అద్దంలో మనుషుల్ని తిరగేసి చూసిన కళ్లకు తలకిందుల రాత ఒక లెక్క కాదు. చివరి వరస అప్పటికే చదివేసింది. తూరె వికాండర్. ఇంటి నంబరు ఇరవై ఏడు. వేలంలో ఇల్లు పాడుకుంటారా అన్న గడిలో, ‘లేదు’.

ఇరవై రెండేళ్లు తలుపు తట్టని మనిషి, ఊరంతా రావచ్చని ప్రకటన వేస్తే గాని రాలేకపోయాడు. శనివారం చీకటి ఇప్పుడు అర్థమైంది. ప్రకటన ఆయన కంటపడి ఉంటుంది. ఆర్కిడ్ ఫొటో చూసి ఉంటాడు. ఇక ఎవరికోసం వెలిగించాలి అనుకుని ఉంటాడు.

“మంగళవారం ఇంకో విడత చూపిద్దాం,” అన్నాడు కాస్పర్ కోటు వేసుకుంటూ. “ఏదీ కదపకు.”

అతను వెళ్లగానే ఆమె నేలమాళిగకు దిగింది. అట్టపెట్టెలు వెతికి ఎర్రదీపం తీసింది. పైకెక్కాల్సిన మనిషి, దీపం చంకలో పెట్టుకుని పెరడు దాటి అవతలి గుమ్మానికి వెళ్లింది. పలక మీద ఆ పేరు ఉంది. వికాండర్. పక్కన గంట మీట. వేలు దాని దాకా వెళ్లింది.

ఏమని చెప్పాలి? బతికే ఉన్నానని చెప్పిపోదామని వచ్చాననా? ఆయనకు తన ఇంట్లోకి రావడానికి ఒక ప్రకటన దొరికింది, ఒక వేళ దొరికింది, కాళ్లకు తొడుగులు కూడా ఇచ్చారు. ఆయన ఇల్లు అమ్మకానికి లేదు. ఆ తలుపు తట్టడానికి ఆమె దగ్గర ఏ సాకూ లేదు.

దీపం తీగ నేల మీద జీరాడుతుంటే చుట్టుకుని, వెనక్కి నడిచింది.

సోమవారం ఆరుకింకా పది నిమిషాలుండగా మెలకువ వచ్చింది. ఆర్కిడ్ రాత్రినుంచే గిన్నెలు కడిగే తొట్టిలో ఉంది. చీకట్లో కిటికీ దగ్గరికి వచ్చి చూస్తే, పెరటి అవతల పచ్చదీపం అప్పటికే వెలుగుతోంది. ఎప్పటినుంచి వెలుగుతోందో తెలియదు. ఇన్నేళ్లలో ఆమె వేళకన్నా ముందే ఆయన వెలిగించడం ఇదే మొదటిసారి. ఆమె తన దీపం వేసింది. ఈసారి జవాబు ఆమెది.

ఇంకేమీ జరగలేదు. ఎవరూ కిటికీలోకి రాలేదు, చెయ్యి ఊపలేదు. కాఫీ పెట్టుకుని తన కుర్చీలో కూచుంది. ఎదురు కుర్చీలో నీలం దిండు మధ్యలో లోతుగా, పక్కకు ఒరిగి ఉంది. ఫిబ్రవరి ఆఖరుకు ఇల్లు అప్పగించాలి. కొత్త ఇంట్లో ఆ కార్ల జాగా కేసి ఉన్న కిటికీకి గట్టు ఉందో లేదో కూడా ఆమె చూసుకోలేదు.

ఎనిమిదింటికి ఫెలీసియా ఫోన్ చేసింది, ఏదో ఇంటి మెట్లెక్కుతూ, రొప్పుతూ. “మంగళవారానికి అన్నీ ఉన్నచోటే ఉన్నాయి కదా? ఎవరో ముసలాయన కుర్చీలో కూచున్నాడట. దిండు పోయిందా?”

“నొక్కుకుపోయింది.”

“ఏం పర్లేదు. అటూ ఇటూ దులిపి, నెత్తిన ఒక్కటివ్వు. మళ్లీ కొత్తదైపోతుంది.”

“ఇవ్వను,” అంది మైబ్రిత్.