ఇశ్రాయేలు మాస్టారి సన్న చక్రాలు

నందిగామ హైస్కూల్లో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పిన ఇశ్రాయేలు మాస్టారికి దేవుడి మీద రెండు ఫిర్యాదులుండేవి. ఊరికి రైలివ్వలేదు, పిల్లల బుర్రలకు దశాంశాలెక్కించలేదు. ఆయన రిటైరైన రోజున పాత విద్యార్థులు "శాలువా కప్పమంటారా, ఇంకేమైనా కావాలాండీ?" అనడిగితే, ఏమాత్రం మొహమాటపడకుండా బొమ్మ రైలింజను కావాలన్నాడు. తెచ్చిచ్చారు. చూడ్డానికి పాతకాలపు ఆవిరింజనే, లోపల మాత్రం కరెంటు మోటారు.

ఆర్నెల్లు మురిసిపోయాడు. ఏడో నెలలో వెర్నియర్ కాలిపర్ పెట్టి చక్రాలు కొలిచాడు. ఇంట్లో శాంతి పోయింది.

"చూడు ఆరోగ్యం, చక్రం మందం మూడు మిల్లీమీటర్లు. ఈ లెక్కన అసలు ఇంజనుకు జానెడు మందం ఉండాలి. ఇది రైలా, రోడ్డు రోలరా?"

"దాని కింద పడి చచ్చేది బొద్దింకలే. వాటికి మీ లెక్కలు రావులెండి," అంది భార్య ఆరోగ్యమ్మ.

మర్నాడే బస్సెక్కి జగ్గయ్యపేటలో జాన్‌బాషా లేతు షాపుకెళ్లాడు. బోరు మోటార్ల షాఫ్టులు తిప్పే జాన్‌బాషా ఆ చక్రాలను అరచేతిలో పోసుకుని తేరిపార చూశాడు.

"చొక్కా గుండీలాండీ?"

"ఇంజను చక్రాలయ్యా! మందం తగ్గించాలి, పట్టా మీంచి జారకుండా ఆపే అంచు సగానికి దించాలి."

మొదటి చక్రం లేతు మీంచి ఎగిరి ఎటో పోయింది. ఇద్దరూ నేల మీద కూర్చుని అయస్కాంతంతో వెతికారు. షాపులోని ఇనుమంతా వచ్చింది గానీ చక్రం రాలేదు. అది ఇత్తడిదని మాస్టారికి గంట తర్వాత గుర్తొచ్చింది; చీపురుతో ఊడిస్తే దొరికింది. అలా నాలుగుసార్లు పేటకు తిరిగాక, సన్నబడ్డ చక్రాలు మళ్లీ ఇరుసులెక్కాయి.

క్రిస్మస్‌కు చర్చిలో పెట్టే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ చుట్టూ రైలు నడుపుతానన్నాడు మాస్టారు.

"బేత్లెహేములో రైలేంటి మాస్టారూ?" అన్నాడు పాస్టరు దేవరాజ్.

"ఉండుంటే బాలయేసును చూడ్డానికి జ్ఞానులు అంత ఆలస్యంగా వచ్చేవాళ్లు కాదండీ."

పాస్టరు సరేనన్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టరు ప్రార్థన చేసి "ఆమేన్" అన్నాడు. మాస్టారు మీట నొక్కాడు. ఇంజను అందంగా కదిలింది. పట్టాలు రెండుగా చీలే చోటికి రాగానే అక్కడ పట్టా తెగే సందులో లటుక్కున కూలబడి, బొమ్మ గొర్రె మీదికి ఒరిగింది. చర్చి చర్చంతా నవ్వింది. కేకు తినడానికొచ్చిన జాన్‌బాషా వంగి చూశాడు.

"చక్రాలు సన్నం చేశాం. సందు మాత్రం లావు చక్రాలకు చేసిన పాతదే ఉందండీ!"

మాస్టారి మొహం కందగడ్డయింది. జీవితమంతా పిల్లల చేత సమీకరణానికి రెండు వైపులా మార్పు చేయించినవాడు, తన దగ్గరికొచ్చేసరికి ఒక వైపే చేశాడు. చేతిలో కేకు స్పూనున్న ఆరోగ్యమ్మ ముందుకొచ్చింది.

"ఆ సందులో ఇది పట్టిద్దేమో చూడండి."

జాన్‌బాషా ఆ ప్లాస్టిక్ స్పూనును కోసి, అరగదీసి, సందు అడుగున అంటించాడు. ఈసారి ఇంజను చక్రాల సన్నటి అంచు మీద నిలబడి, చిన్న కుదుపైనా లేకుండా దాటింది. పాక చుట్టూ మూడుసార్లు తిరిగింది.

మాస్టారు కళ్లు తుడుచుకుని, జేబులోంచి కాలిపర్ తీశాడు.

"ఇప్పుడు పట్టాల ఎత్తు కూడా..."

ఆరోగ్యమ్మ కాలిపర్ లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.