కుడి స్తంభం పక్కన

కోదాడలో శశిధర్ దుకాణానికి పెళ్లివాళ్లు ఒక్కరిద్దరుగా రారు. నాయనమ్మ ముందు సీట్లో, తండ్రి, మేనమామ, చంకలో పిల్లాడితో పెద్దకూతురు వెనక సీట్లో, కారు నిండా దిగుతారు. మండపం ఎట్లా ఉండాలన్న దాని మీద ప్రతి ఒక్కరికీ ఒక మాట ఉంటుంది. అందుకే శశిధర్ ఫోన్లో ఫోటోలు చూపించడు. ఫోన్ చేతులు మారుతూ పోతుంది. ఒకరు చూసింది ఇంకొకరు చూడరు, అంతలో ఎవరిదో కాల్ వస్తుంది, కుదరబోయిన మాట అక్కడే చెదిరిపోతుంది. అతను ముందు చాయ్ చెబుతాడు. తర్వాత ఫోటోబుక్ తెచ్చి, వచ్చినవాళ్లలో అందరికంటే పెద్దావిడ ఒళ్లో పెడతాడు. వెడల్పాటి పుస్తకం. తెరిస్తే రెండు పేజీలూ కలిసి ఒకే బొమ్మగా పరుచుకుంటాయి. మిగతావాళ్లంతా ఆమె భుజాల మీదుగా వంగి చూస్తారు. కాసేపు వాదులాడుకుంటారు. చివరికి పెద్దావిడ వేలు ఏ పేజీ మీద ఆగితే అదే మండపం.

పుస్తకం చేయిద్దామన్న ఆలోచన అతనిది కాదు. అతని భార్య వందనది.

శశిధర్‌ది నడిగూడెం. వ్యవసాయం చేసే ఇల్లు. కుర్రతనంలో టెంటు సామాను మోసే పనికి పోయి, అక్కడ పూలు కట్టేవాళ్ల పక్కన కూర్చుని కూర్చుని చేతిలోకి పని తెచ్చుకున్నాడు. కోదాడలో ఒక షట్టరు కిరాయికి తీసుకునేనాటికి అతనికి ఉన్నవల్లా కొన్ని ఇనుప పైపులు, నాలుగు తాన్ల బట్ట, మిర్యాలగూడ నుంచి వచ్చిన వందన. చేసిన పని చూపించుకోవడానికి మొదట్లో అందరిలాగే పెళ్లి ఫోటోలు అతికించిన ఆల్బం పెట్టుకున్నారు. ఒకరోజు ఒక పెళ్లికూతురి తండ్రి దుకాణానికి వచ్చి, మా పిల్లను ఊళ్లో వాళ్లందరి ఒళ్లో పెట్టి తిప్పుతావా, దిష్టి తగిలితే ఎవరు చూస్తారు అని పెద్ద గొడవ చేశాడు. అతని మాటలో తప్పేమీ లేదనిపించింది వందనకు. మండపం కట్టడం అయ్యాక, పెళ్లివాళ్లు రాకముందు, తెల్లవారే వేళ ఖాళీగా ఉన్నప్పుడే ఫోటో తీద్దామంది.

అట్లా తీసిన ఫోటోలతో సూర్యాపేటలో ఫోటోబుక్కులు చేసే యోగేష్ దగ్గర పుస్తకం చేయించారు. పేజీలు మెరుస్తూ వచ్చాయి గానీ, మండపాలన్నీ చిన్నపిల్లల బొమ్మల పెళ్లికి కట్టినట్టు కనిపించాయి. మునగాల నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన పుస్తకం తిప్పి తిప్పి చూసి, దీంట్లో మనుషులు పడతారా అని నిజంగానే అడిగాడు.

ఆ తర్వాతి పెళ్లికి, శశిధర్ కెమెరా సరిచూసుకుంటుంటే, వందన వెళ్లి మండపం కుడి స్తంభం పక్కన నిలబడింది. ఒక చెయ్యి స్తంభానికి ఆనించి, "ఇగ తియ్యి" అంది. అంతే. మండపానికి ఒక్కసారిగా ఎత్తు వచ్చింది, లోతు వచ్చింది. తోరణం ఎంత పైన ఉందో, పీటల మీద కూర్చుంటే వెనక పూలగోడ ఎక్కడిదాకా వస్తుందో చూసినవాళ్లకు చెప్పకుండానే తెలిసింది.

అప్పటినుంచి ప్రతి మండపానికీ ఆమె నిలబడింది. పుస్తకం తిప్పే ఆడవాళ్లు, ఈమె ఎవరు, అన్ని ఫోటోల్లోనూ ఉందేంటని అడిగేవాళ్లు. మా ఇంటామె, కొలతకు నిలబడ్డదని శశిధర్ చెప్పేవాడు. వెనక పూలు గుచ్చుతున్న వందన తల ఎత్తకుండానే అందుకునేది.

"పెళ్లైనప్పటి సంది స్తంభం పక్కన నిలబెట్టుడే అమ్మా. ఒక్కనాడన్న లోపల కూసోబెట్టి తీసిండా, అడుగుండ్రి."

వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వాక బేరం తేలికగా కుదిరేది.

పుస్తకానికే కాదు, పనికి కూడా ఆమే కొలత అయింది. ఆమెను వదిన అని పిలిచే గణేష్ నిచ్చెన మీది నుంచి ఎంత ఎత్తున కట్టాలని అడిగితే, టేపు ఎవరూ తీసేవాళ్లు కాదు. దీపాల వరుస వదిన భుజానికి, బంతిపూల అంచు వదిన కొప్పుకు, మల్లెదండలు వదిన చెయ్యెత్తినా అందనంత. గణేష్ శశిధర్ దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నవాడు. అతనికి అడుగులు, అంగుళాల కంటే ఈ లెక్కే బాగా తెలుసు. వైశాఖం ముహూర్తాలు అయిపోయాక వందన బస్సెక్కి సూర్యాపేట వెళ్లి, రోజంతా యోగేష్ పక్కన కుర్చీ వేసుకుని, ఏ మండపం ఏ పేజీలో రావాలో చెప్పి చేయించుకుని, సాయంత్రానికి తిరిగి వచ్చేది.

పోయిన భాద్రపదంలో ఆమెకు జ్వరం వచ్చింది. వానాకాలం జ్వరమే కదా అనుకున్నారు. దవాఖానలో చేర్చాక కూడా అది తగ్గలేదు. ఆమె ఇంటికి రాలేదు.

ఇంట్లో ఆమె ఫోటోలు చాలానే ఉన్నాయి. గోడ మీద పెద్దది ఉంది, దండ వేసి, బొట్టు పెట్టి. శశిధర్‌కు దాని వైపు చూడబుద్ధి కాదు. అందులో ఆమె ఫోటో కోసం ముస్తాబై, ఊపిరి బిగపట్టి కూర్చున్న మనిషి. పుస్తకంలోది అట్లా కాదు. గోరంత మొహం. ఒక పేజీలో తలారా పోసుకుని తడిజుట్టు ముడేసుకుని ఉంది. ఇంకో పేజీలో పళ్ల మధ్య దారం పట్టుకుని ఉంది, తీసే తీరిక లేక. హుజూర్‌నగర్ పెళ్లి మండపంలో ఆవలిస్తోంది. తొందరగా తియ్యి, చాయ్ తాగాలి అని ఆమె అంటున్నట్టే ఉంటుంది ప్రతి పేజీ. దుకాణంలో ఎవరూ లేనప్పుడు అతను పుస్తకం తీసి ముందేసుకుంటాడు. మండపాలు చూడడు. ప్రతి బొమ్మలోనూ కుడి స్తంభం దగ్గరికే పోతుంది చూపు. ఆమె చూస్తున్నది కెమెరా వైపు. కెమెరా వెనక అప్పుడు తనే ఉన్నాడు.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతుండగా మిర్యాలగూడ నుంచి కబురు వచ్చింది. రైస్‌మిల్లు లక్ష్మీనర్సయ్య మనవరాలు ప్రియాంక పెళ్లి. ఆ ఇంట్లో పని కుదిరితే మిల్లుల వాళ్లలో ఇంకో నాలుగు ఇళ్లు తెరుచుకుంటాయి. వందన పోయినప్పటినుంచి శశిధర్ చేతిలో చెప్పుకోదగ్గ పని లేదు. గణేష్, ఇంకో ఇద్దరు పనివాళ్లు అతన్ని నమ్ముకుని ఉన్నారు. పుస్తకం పట్టుకుని వెళ్లాడు.

లక్ష్మీనర్సయ్య భార్య దుర్గమ్మ పుస్తకం ఒళ్లోకి తీసుకుంది. వందన పుట్టిల్లు వాళ్ల వీధికి రెండు వీధుల అవతలే. ఆమెకు వందన చిన్నప్పటినుంచీ తెలుసు. మొదటి పేజీ తెరవగానే కుడి స్తంభం దగ్గర చూపు ఆగిపోయింది. రెండో పేజీ తిప్పింది. మూడో పేజీ తిప్పలేదు. మెల్లగా మూసి, అట్ట మీద చెయ్యి పెట్టింది.

"శశీ, నీకు కష్టమైతదని తెలుసు బిడ్డా. నా కండ్ల ముందర పెరిగిన పిల్ల, నాకు మాత్రం లేదా బాధ? గని ఇది శుభానికి ఎంచుకునే బుక్కు. పోయినామె ప్రతి మండపంల నిలబడి ఉంటే, నా మనవరాలికి ఏది చూపియ్యాలె?"

పక్కన కోడళ్లు తలలు దించుకున్నారు. వేరేది ఉంటే తెమ్మని, లేకపోతే చేయించుకు రమ్మని, వారం ఆగుతామని దుర్గమ్మే మళ్లీ చెప్పింది. శశిధర్‌కు ఆమె మీద కోపం రాలేదు. వస్తే బాగుండేది.

సూర్యాపేటలో యోగేష్ ఫోటోలన్నీ తెర మీద వరసగా పెట్టాడు. కొత్తవి తీసి చేయడానికి ఇప్పుడు పెళ్లిళ్లు లేవు. ఉన్నవాటితోనే చేయాలి. ఎట్లా చేయాలో ఇద్దరికీ తెలుసు.  ఆ గదిలో వందన కూర్చునే కుర్చీలోనే ఇప్పుడు శశిధర్ కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు బయట చాయ్ తాగి రా. నేను చేస్త" అన్నాడు యోగేష్.

శశిధర్ కదల్లేదు. తను చూడకుండా ఆ పని జరగడం అతనికి ఇష్టం లేదు. యోగేష్ వందన చుట్టూ ఒక గీత గీశాడు. ఒక మీట నొక్కాడు. ఆమె ఉన్న చోట స్తంభం మీది పూలే కిందికి పెరిగినట్టు అల్లుకుపోయాయి. మరక లేదు, నీడ లేదు. ఎప్పుడూ అక్కడ ఎవరూ నిలబడనట్టే ఉంది. తడిజుట్టు పేజీ పోయింది. దారం పేజీ పోయింది. ఆవలింత దగ్గర యోగేష్ చెయ్యి ఆగింది. శశిధర్ చూపు తిప్పుకోలేదు. అదీ పోయింది.

పాత ఫోటోలు ఎక్కడికీ పోవని, కంప్యూటర్లో అట్లాగే ఉంటాయని యోగేష్ చెప్పాడు. ఆ సంగతి శశిధర్‌కూ తెలుసు. అయినా కోదాడ బస్సులో కొత్త పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆమెను ఎక్కడో దించేసి తనొక్కడే తిరిగి వస్తున్నట్టు అనిపించింది.

దుర్గమ్మ ఈసారి పుస్తకం చివరిదాకా తిప్పింది. మల్లెదండలు అలలు అలలుగా వేలాడే మండపం మీద ఆమె వేలు ఆగింది. ప్రియాంక కూడా అదే బాగుందంది. పని కుదిరింది.

పెళ్లినాటి తెల్లవారుజామున శశిధర్ ఫంక్షన్ హాలు గేటు దగ్గర స్వాగత ద్వారం పని చూసుకుంటూ ఉన్నాడు. లోపల గణేష్, మిగతావాళ్లు కొత్త పుస్తకం కుర్చీ మీద తెరిచిపెట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే దండలు కట్టారు. దీపం పెట్టడానికి దుర్గమ్మ ఒక కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. మండపం చూసి ముందు సంతోషపడింది. తర్వాత కాస్త దగ్గరికి వెళ్లి, శశిధర్‌ను పిలిపించింది.

"మా ఇంట్ల పిల్లను మేనమామలు గంపల కూసోబెట్టి మోస్కొస్తరు. ఈ దండలు గింత కిందికి ఉంటే పిల్ల మొహానికి కొట్టయా?"

శశిధర్ లోపలికి వెళ్లి నిలబడ్డాడు. మల్లెదండ అతని నుదురుకు తగిలింది. అతను గణేష్ వైపు చూశాడు. గణేష్ పుస్తకం వైపు చూపించాడు. అందులో ఎట్లా ఉందో అట్లాగే కట్టారు, దండకూ దండకూ మధ్య ఎడం కూడా అంతే. ఎత్తు మాత్రం అందులో లేదు. ఎంత పైకి జరపాలని గణేష్ అడిగాడు. శశిధర్ తల ఎత్తి దండల వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆ ఎత్తును అడుగుల్లో ఎన్నడూ అనుకోలేదు.

గణేష్ నిచ్చెన పట్టుకుని, తల పక్కకు తిప్పుకుని అన్నాడు. "వదిన చెయ్యెత్తినా అందనంత గదన్నా, దీనికి."

 దుర్గమ్మ చేతిలోని ప్రమిద కింద పెట్టింది. ఆమె మెల్లగా అడిగింది. "ఎంత ఎత్తు ఉండె బిడ్డా ఆమె?"

వందన పోయినప్పటినుంచి ఎంతోమంది ఎన్నో అడిగారు. ఏ జ్వరం, ఏ దవాఖాన, ఆఖరికి ఏమన్నది, వంట ఎవరు చేస్తున్నారు. ఈ మాట ఎవరూ అడగలేదు. శశిధర్ కుడి స్తంభం దగ్గరికి నడిచాడు. ఆమె నిలబడే చోటు వదిలి పక్కన నిలబడ్డాడు. అరచెయ్యి బోర్లించి, తన భుజం ఎత్తున గాలిలో పెట్టాడు. కాస్త దించాడు. మళ్లీ కాస్త ఎత్తాడు. అక్కడ ఆపాడు.

"గీడికి ఆమె తల. చెయ్యెత్తితే దీని మీద మూరెడు. ఆ మీద జానెడు ఇడిసి కట్టు గణేషూ."

గణేష్ నిచ్చెన ఎక్కాడు. ఒక్కో దండా విప్పి పైకి జరుపుతూ, ప్రతిదానికీ ఒకసారి కిందికి, ఆ అరచేతి వైపు చూసుకుంటూ కట్టాడు. శశిధర్ చెయ్యి లాగుతోంది. దించలేదు. అరచేతి కింద ఖాళీ అతనికి ఖాళీగా అనిపించలేదు. చామంతుల వాసన, తడి మల్లెల వాసన మధ్య, ఇప్పుడే తల తుడుచుకుని వచ్చిన మనిషి పక్కన నిలబడి విసుక్కుంటున్నట్టే ఉంది.

దండలన్నీ పైకి పోయాక గణేష్ దిగి వచ్చి, అలవాటు ప్రకారం సంచిలోంచి కెమెరా తీశాడు. పెళ్లివాళ్లు రాకముందే తీసుకోవాలి. "అన్నా, అయిపాయె. ఇగ చెయ్యి దించు, జర పక్కకు జరుగు" అన్నాడు.

శశిధర్ విన్నాడు. జరగలేకపోయాడు. గణేష్ ఏం చేయాలో తోచక దుర్గమ్మ వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, "గట్లనే తియ్యి. ఏం కాదు" అంది.

మేనమామలు ప్రియాంకను గంపలో మోసుకొచ్చినప్పుడు మల్లెలు ఆమె బాసికానికి జానెడు పైన ఊగాయి. శశిధర్ అది చూడలేదు. వ్యాన్లో కూర్చుని, రెండో చేత్తో భుజం నొక్కుకుంటున్నాడు.

వైశాఖం అయ్యాక అతను సూర్యాపేట వెళ్లాడు. కొత్త పెళ్లిళ్ల ఫోటోలు ఇంకొన్ని చేరాయి, పుస్తకం మళ్లీ చేయించాలి. యోగేష్ ఒక్కోటీ తెర మీదికి తెస్తూ, ప్రియాంక మండపం దగ్గర ఆగాడు. ఫోటోను పెద్దది చేసి చూశాడు. స్తంభం పక్కన శశిధర్, గాలిలో బోర్లించిన అరచెయ్యి.

"మండపం మస్తుగొచ్చింది గని, ఈడ నువ్వు నిలబడ్డవ్ అన్నా. చెయ్యి గాలిల ఉంది. సూసెటోళ్లు ఏందని అడుగుతరు. తీసెయ్యనా?"

"అడగనీ. ఉండనీ."

యోగేష్ ఆ ఫోటోను రెండు పేజీల నిండా పరిచాడు. కుడి స్తంభం పక్కన, అరచేతి కింద, ఒక మనిషి పట్టేంత చోటు ఉంది.