తొమ్మిదో అడుగు

సూది టీచరంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. పగలంతా బడి యూనిఫారాలు కుట్టే కొట్టులో మిషను తొక్కుతుంది. సాయంత్రం ఆ కొట్టు పైనున్న హాల్లో కరాటే నేర్పుతుంది. యాభై ఏడేళ్లొచ్చాయి. సూదిలో దారం ఎక్కించాలంటే కళ్లద్దాలు కావాలి గానీ, ముప్పై మంది పిల్లల్లో ఎవడి మడమ లేచిందో చూడ్డానికి మాత్రం అక్కర్లేదు.

పంతొమ్మిదేళ్లప్పుడు, కుట్టిన తెల్లబట్టల మూట అందించడానికి మొదటిసారి ఆ మెట్లెక్కింది. లోపల మాస్టారు ఒక్కరే కటా చేస్తున్నారు. కటా అంటే కంటికి కనబడని శత్రువుతో, ముందే ఏర్పరిచిన వరసలో చేసే పోరాటం. కిటికీలోంచి పడిన ఎండలో ఆయన చేతులు నీళ్లలో కదిలినట్టు మెల్లగా కదులుతున్నాయి. తొమ్మిదో అడుగు దగ్గర కుడికాలు పైకెత్తి, ఒక ఊపిరిసేపు అలాగే ఆగిపోయారు. వీధిలో బళ్లూ, గాలీ, తన గుండే అన్నీ ఆయనతో పాటు ఆగినట్టు ఆ పిల్లకు అనిపించింది. తలమీది మూట దించడం కూడా మరిచిపోయింది.

"నాకూ నేర్పుతారా మాస్టారూ?"

"అంత బరువు మోస్తూ కదలకుండా నిలబడ్డావు. సగం వచ్చేసినట్టే" అన్నారాయన.

పన్నెండేళ్లు నేర్చుకుంది. మధ్యలో పెళ్లయింది. మొగుడు అదే కొట్టులో గుడ్డ కత్తిరించేవాడు. "మా ఆవిడతో పోట్లాడే ధైర్యం నాకుంది గానీ, అన్ని ఎముకలే లేవు" అని అందరికీ చెప్పుకునేవాడు.

తర్వాత మాస్టారు జబ్బుపడిన చెల్లెల్ని చూసుకోవడానికి దూరం వెళ్తూ, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండమన్నారు. ఇరవై ఆరేళ్లు గడిచినా రాలేదు. ఆమె మాత్రం అద్దెకున్నవాళ్లు గోడకు మేకు కొట్టడానికి జంకినట్టే ఉండిపోయింది. మాస్టారు నిలబడే చోట నిలబడదు, ఓ పక్కగా ఉండి నేర్పుతుంది. పిల్లలకిచ్చే పత్రాలమీద "మాస్టారి తరఫున" అని సంతకం పెడుతుంది. తను నిజంగా గురువేనా, లేక కాపలాదారా? గురువువే అన్న మాట ఆయన నోట వినాలని ఇన్నేళ్లూ ఎంత తపించిందో మొగుడికి కూడా తెలియదు.

చివరికి ఓ సాయంత్రం ఆయన వచ్చారు. డెబ్భై తొమ్మిదేళ్లు. బల్లమీద కూర్చుని, "కానివ్వు, చూద్దాం" అన్నారు.

పిల్లలు కటా మొదలుపెట్టారు. తొమ్మిదో అడుగు. ముప్పై కుడికాళ్లు ఒక్కసారి లేచి, గాలిలో ఆగాయి. హాలంతా కలలోకి జారుకున్నట్టయింది. ఆమె ప్రాణమంతా ఆ ఒక్క ఊపిరిలోనే ఉంది. ఆ ఆగడమే కటాకు జీవమనీ, అక్కడ శత్రువు కూడా నిన్ను చూసి ఆగిపోతాడనీ ఎన్ని వందలమందికి చెప్పిందో.

మాస్టారు నొసలు ముడిచారు.

"ఆ ఆగడం ఎవరు నేర్పారమ్మా?"

"మీరే కదా!"

"నేనా? అప్పట్లో నా మోకాలు పట్టేసేది తల్లీ. కాలు దించాలంటే ప్రాణం మీదికొచ్చేది, అందుకని ఆగేవాణ్ణి. ఆపరేషనయ్యాక ఆ బాధే లేదు."

"మరి పన్నెండేళ్లూ నేను ఆగుతుంటే చెప్పలేదేం?"

"రోజంతా మిషను తొక్కే పిల్లవి, నీ మోకాలూ పట్టేసిందేమో అనుకున్నా. అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా."

గుమ్మం దగ్గర్నుంచి మొగుడు, "కొలతకిచ్చిన ఆది చొక్కాకి చిరుగుంటే ఆ చిరుగుతో సహా కుట్టే రకమండీ ఈవిడ!" అన్నాడు.

ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పిల్లలు దూరంగా ఉన్నారు, ఈ మాటలేవీ వినలేదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఊరుకోలేకపోయింది.

"ఇటు చూడండర్రా" అంది. "తొమ్మిదో అడుగు దగ్గర ఆగమని కటాలో లేదు. ఇన్నేళ్లూ నేను తప్పు నేర్పాను. మీ తప్పు కాదు, నాదే."

"ఆగితేనే బాగుంటుంది కదా టీచర్" అంది ముందు వరసలో ఓ చిన్నపిల్ల.

"బాగుంటుందమ్మా. అయినా తప్పే." ఆయనవైపు తిరిగింది. "మాస్టారూ, మీరు ముందుకొచ్చి సరిగ్గా చూపించండి."

ఆయన లేచారు. మెల్లగా నడుస్తూ ముందు స్థానం దాటారు, వరసలన్నీ దాటారు. చిట్టచివర, మొన్నమొన్న చేరిన తెల్లబెల్టు బుడతడి పక్కన నిలబడి, ఆమెకు నడుము వంచి నమస్కరించారు.

"లెక్క చెప్పండి టీచర్ గారూ."

కాళ్లు వాటంతటవే నడిచి ఆమెను ముందు స్థానానికి, ఇన్నేళ్లూ అడుగుపెట్టని చోటుకు తీసుకెళ్లాయి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. ముప్పై ఒక్క కుడికాళ్లు లేచాయి. కళ్లు మసకబారాయో, అలవాటే గొంతు పట్టుకుందో, తర్వాతి అంకె నోట రాలేదు.

వెనక వరసలో ముసలాయన ఊగుతున్నారు.

"టీచర్ గారూ, మీరు చెబితే గానీ నేను దించను. కాస్త తొందరగా!"

"పది" అంది.